బీజింగ్‌లో ఒక్క రోజు మిగిలితే ఏ రాజోద్యానం, ఏ సరస్సు?

బీజింగ్ వెళ్లే మనవాళ్లకు సాధారణంగా మూడు నాలుగు రోజులే ఉంటాయి. వైద్యవిద్య కోసం చైనాలో ఉన్న పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులైనా, ఆఫీసు పని మీద వెళ్లి వారాంతం కలుపుకునేవాళ్లయినా లెక్క ఒకటే. చైనా గోడకు ఒక రోజు, నిషిద్ధ నగరానికి ఒక రోజు పోతే మిగిలేది ఇంకొక్క రోజు. ఆ రోజును ఏ రాజోద్యానానికి ఇవ్వాలని నన్ను అడుగుతుంటారు. మరికొందరు "గోడ చూసి తిరిగి వస్తూ సమ్మర్ ప్యాలెస్ కూడా చూసేయవచ్చా?" అంటారు.

చూసేయవచ్చు. మొదటిసారి నేను చేసిందీ అదే. జూలై నెల, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. టూరు బస్సు మమ్మల్ని తూర్పు ద్వారం దగ్గర దించి గంటన్నర గడువు ఇచ్చింది. గొడుగుల గుంపుల వెనక పొడవాటి వసారా అంతా నడిచి, పాలరాతి పడవ ముందు ఫోటో దిగి, ఆదరాబాదరాగా బస్సు దగ్గరికి వచ్చి పడ్డాం. వెళ్లేటప్పుడు ఆ నడక పొడవునా సరస్సు మా ఎడమ చేతి పక్కనే ఉంది. ఇంటికి వచ్చాక ఎంత ఆలోచించినా నీటి రంగు కూడా గుర్తుకు రాలేదు.

మూడేళ్ల తరువాత అక్టోబరు చివర్లో అమ్మను తీసుకుని మళ్లీ వెళ్లాను. ఉదయం ఏడింటికి లోపలికి వెళ్లి, పొద్దు గూకాక బయటికి వచ్చాం. 290 హెక్టార్ల ఆ తోటలో నాలుగింట మూడు వంతులు నీళ్లేనని అంతకు ముందే చదివాను. ఆ లెక్కకు అర్థం ఆ రోజు తెలిసింది. కొండ ముందు భవనాలన్నీ నీటి వైపే ముఖం పెట్టి నిలబడ్డాయి. అందుకే నా సలహా అంతా ఒకే కొలత మీద నడుస్తుంది: మీ చేతిలో ఎన్ని గంటలున్నాయి, అందులో నీటి ఒడ్డున ఎన్ని గడపగలరు.

ఎంచుకోవడానికి నాలుగు చోట్లున్నాయి. నగరం నడిబొడ్డున బెయ్‌హాయ్. వాయవ్యాన సుమారు 15 కిలోమీటర్ల దూరంలో యిహెయువాన్, మనం సమ్మర్ ప్యాలెస్ అనేది దీన్నే. దాని పొరుగున శిథిలాలుగా మిగిలిన యువాన్‌మింగ్‌యువాన్, అంటే పాత సమ్మర్ ప్యాలెస్. బీజింగ్ దాటి ఈశాన్యాన, రైలెక్కి వెళ్లవలసిన ఛెంగ్‌దె. పూర్తి రోజు ఉంటే యిహెయువాన్‌కు వెళ్లండి. సగం రోజే ఉంటే యిహెయువాన్ జోలికి పోకుండా బెయ్‌హాయ్‌కు వెళ్లండి. ఈ రెండో మాట మీద స్నేహితులు నాతో చాలాసార్లు వాదించారు. ప్రపంచ వారసత్వ సంపద అని 1998లో యునెస్కో గుర్తించిన చోటును వదిలి ఊళ్లో పార్కుకు వెళ్లమంటావా అని. అవును, సగం రోజుకు అదే మేలు. కారణం కింద చెబుతాను.

పూర్తి రోజు: యిహెయువాన్, కున్‌మింగ్ సరస్సు

ఛియెన్‌లుంగ్ చక్రవర్తి 1750లో తల్లి అరవయ్యో పుట్టినరోజు పేరుతో ఈ తోట పని మొదలుపెట్టించాడు. ఉన్న సరస్సును వెడల్పు చేయించి, తవ్విన మట్టిని ఒడ్డున ఉన్న కొండకు ఎత్తించి, ఆ కొండకు దీర్ఘాయుష్షు కొండ అని పేరు పెట్టాడు. దక్షిణాదిన హాంగ్‌ఝౌ నగరంలోని పశ్చిమ సరస్సు మీద ఆయనకు తగని మోజు. అక్కడి కట్టను చూసి ఇక్కడా పడమటి వైపు ఆరు వంతెనలతో ఒక కట్ట పోయించాడు. సరస్సు పేరు మాత్రం ఇంకా పాతకాలం నుంచి తెచ్చాడు. హాన్ వంశపు వూ చక్రవర్తి తన నౌకాదళానికి యుద్ధం నేర్పడానికి రాజధాని ఛాంగాన్‌లో తవ్వించిన కొలను పేరు కున్‌మింగ్.

1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు ఈ తోటను తగలబెట్టాయి. 1880ల్లో రాజమాత ఛిషి దీన్ని మళ్లీ కట్టించి, 1888లో యిహెయువాన్ అని పేరు మార్చింది. నౌకాదళానికని పెట్టిన డబ్బు ఈ కట్టడాలకు మళ్లిందన్న మాటను చరిత్రకారులు ఒప్పుకుంటారు, ఎంత మళ్లిందన్న దగ్గరే వాళ్లకు పేచీ. 1894–95 యుద్ధంలో జపాను చేతిలో చైనా నౌకాదళం చిత్తుగా ఓడింది. నౌకాదళపు కొలను పేరు పెట్టుకున్న ఈ నీటి ఒడ్డున, ఎన్నడూ కదలని రాతి పడవ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఆ చూపే వేరుగా ఉంటుంది.

ఆ పడవను దూరం నుంచి ఫోటో తీసి వచ్చేయకండి. 36 మీటర్ల పొడవున్న దాని అడుగు భాగం 1755 నాటి రాయి. పైనున్న రెండంతస్తులు మాత్రం చెక్కవి. 1893లో కట్టిన ఆ చెక్క మీద పాలరాతి చారలు కనిపించేలా రంగు వేశారు. ఒడ్డున కటకటాల దాకా వెళ్లి చూస్తే ఆ చారల్లో కుంచె నడిచిన తీరు తెలుస్తుంది. పక్కన ఆవిరి పడవకు ఉండేలాంటి చక్రం కూడా రాతితో చెక్కి పెట్టారు.

పొడవాటి వసారా 728 మీటర్లు, 273 అంకణాలు. ప్రతి దూలం మీదా బొమ్మలే: పూలు, పిట్టలు, పాత కథల్లోని ఘట్టాలు, వేల సంఖ్యలో. అన్నీ చూడాలని పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. నేను ఒక్క పని చేశాను. పడమటి యాత్ర చేసిన వానర వీరుడు సున్ వూఖుంగ్ ఎక్కడెక్కడ ఉన్నాడో వెతికాను. చేతిలో దండం చూడగానే మన ఆంజనేయుడి గద గుర్తుకు వచ్చి అమ్మ సంబరపడింది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ వెతుకులాట బాగా పనికి వస్తుంది. వసారాకు రెండు వైపులా కూర్చోవడానికి పలకలుంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు ఆ తోటలో లేదు.

తూర్పు ద్వారానికి దగ్గర్లోనే యూలాన్‌తాంగ్ అనే చిన్న ప్రాంగణం ఉంది. గుంపులు దాన్ని దాటుకుని పోతుంటాయి. పాలనను ఆధునికం చేయాలని తలపెట్టిన నూరు రోజుల సంస్కరణలు 1898లో విఫలమయ్యాక, గువాంగ్‌షు చక్రవర్తిని ఛిషి నిర్బంధించిన చోట్లలో ఇదొకటి. ఆయన బయటికి పోకుండా పక్క గదుల్లో అప్పుడు కట్టిన ఇటుక గోడ ఇంకా ఉంది. బయట పది అడుగులు వేస్తే విశాలమైన సరస్సు. లోపల మూసేసిన తలుపు. ఈ రెండింటినీ వెంటవెంటనే చూడండి.

అక్కడి నుంచి ఒడ్డు వెంట దక్షిణానికి వస్తే ఝిఛున్ మంటపం. నీటిలోకి చొచ్చుకు వచ్చిన ఈ చిన్న దీవి మీద నిలబడి పడమటికి చూస్తే సరస్సు, దాని వెనక కట్ట, కట్ట మీది చెట్లు, వాటి వెనక ఒక కొండ, కొండ మీద గోపురం కనిపిస్తాయి. ఆ కొండా గోపురమూ తోటలోవి కావు. పచ్చల ఊట కొండ అని పేరున్న వేరే కొండ అది, తోట ప్రహరీకి అవతల ఉంది. కట్ట మీది చెట్లు ప్రహరీని కమ్మేసి, ఆ కొండ కూడా తోటలోదేనన్న భ్రమ కలిగిస్తాయి. చైనా తోటమాలులు దీన్ని అరువు తెచ్చుకున్న దృశ్యం అంటారు. నాలుగు తోటల్లో ఈ విద్య ఇంత చక్కగా పండింది ఇక్కడే, యిహెయువాన్‌కు నేను మొదటి స్థానం ఇవ్వడానికి ఇదే పెద్ద కారణం. కానీ దీనికి తీరుబడి కావాలి, తేట ఆకాశం కావాలి. గంటన్నర టూరులో ఇది కంటపడదు.

ఇంకా దక్షిణానికి కంచు ఎద్దు, పదిహేడు కమానుల వంతెన ఉన్నాయి. ఎద్దు 1755 నాటిది, వరదల్ని ఆపుతుందని పెట్టారు. దాని వీపు మీద చక్రవర్తి రాయించిన 80 అక్షరాల శాసనం ఉంది. చుట్టూ ఫోటోలు తీసుకునేవాళ్లు దాని ముఖం వైపే ఉంటారు కాబట్టి వెనక వైపు వెళ్లి తీరిగ్గా చూడవచ్చు. వంతెన పొడవు 150 మీటర్లు. కటకటాల స్తంభాల మీద 500కు పైగా సింహాలు, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. ఎద్దు దగ్గర ఒక పెద్దాయన మూరెడు కుంచెను నీళ్లలో ముంచి, నేల మీది రాతి పలకలపై నిలువుగా అక్షరాలు రాస్తున్నారు. ఆరో అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోయింది. ఆయన వెనక్కి చూడలేదు. అమ్మ అక్కడ అరగంట నిలబడింది, నేను తొందర పెట్టలేదు. బీజింగ్ పార్కుల్లో పొద్దున్నే ఇలాంటివాళ్లు కనిపిస్తారు. ఇందుకోసమైనా త్వరగా వెళ్లండి.

ఏ ద్వారం, ఏ దారి

మెట్రో 4వ లైనులో బెయ్‌గుంగ్‌మెన్ స్టేషనులో దిగితే ఉత్తర ద్వారం ఎదురుగానే ఉంటుంది. దగ్గర కదా అని అందరూ అక్కడే దిగుతారు. పెద్దవాళ్లతో ఉంటే ఆ పొరపాటు చేయకండి. ఉత్తరం నుంచి వెళితే ముందు కొండ ఎక్కాలి, తరువాత దిగాలి. సరస్సు చేరేసరికే కాళ్లు మొరాయిస్తాయి. ఒక స్టేషను ముందే షీయువాన్‌లో దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే తూర్పు ద్వారం, అక్కడి నుంచి సరస్సు దాకా చదును నేల. వయసులో ఉన్నవాళ్లయితే ఉత్తర ద్వారమే మంచిది. వెళ్తూనే కాలువకు రెండు ఒడ్డులా కట్టిన సుజౌ వీధి, ఆపైన కొండ శిఖరం, దిగుతూ 41 మీటర్ల బుద్ధ సుగంధ గోపురం, చివరికి ఒక్కసారిగా సరస్సు.

మామూలు టికెట్టు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు 30 యువాన్లు, మిగతా నెలల్లో 20. గోపురం, నాటకశాల, సుజౌ వీధి వంటివి కలిపిన టికెట్టు 60, 50. వెళ్లే ముందు ధరలు ఒకసారి సరిచూసుకోండి. గోపురం మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కలేనివాళ్లకు కలిపిన టికెట్టు దండగ, సరస్సు చుట్టూ నడవడానికి మామూలు టికెట్టు చాలు. టికెట్టుకు పాస్‌పోర్టు వివరాలు కావాలి, సెలవు రోజుల్లో ముందుగానే కొనుక్కోవాలి.

పడవా, నడకా? రెండూ. ఒడ్డు వెంట వెళ్లి, రాతి పడవ దగ్గరి రేవు నుంచి దక్షిణ దీవికి పడవలో రండి. సరస్సు మధ్య నుంచి కొండను చూస్తే ఆ గోపురాన్ని అంత ఎత్తుగా ఎందుకు కట్టారో అర్థమవుతుంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు పడవ మాని పడమటి కట్ట మీద నడవాలి. తూర్పు ఒడ్డున అడుగు పెట్టడానికి చోటు లేని రోజున కూడా అటు జనం పలుచగా ఉంటారు. ఆరు వంతెనల్లో ఒంటె మూపురంలా పైకి లేచిన తెల్లటి వంతెన ఒకటుంది, పచ్చల పట్టీ వంతెన అంటారు. కట్ట మీదుగా తిరిగి రావడానికి రెండు మూడు గంటలు పెట్టుకోండి.

సగం రోజు: బెయ్‌హాయ్

నగరం మధ్యలోని హోటలు నుంచి యిహెయువాన్‌కు మెట్రోలో రానూపోనూ రెండు గంటలు పోతుంది. సగం రోజులో మిగిలేది మళ్లీ నా మొదటి టూరులాంటిదే. బెయ్‌హాయ్ అలా కాదు. పొద్దున్న నిషిద్ధ నగరం చూసి ఉత్తర ద్వారం గుండా బయటికి వస్తే ఎదురుగా చింగ్‌షాన్ కొండ. అది ఎక్కి పసుపు పెంకుల కప్పుల సముద్రాన్ని పైనుంచి చూసి, పడమటికి కాస్త నడిస్తే బెయ్‌హాయ్. ప్రయాణానికి ఒక్క నిమిషం వృథా కాదు. నిషిద్ధ నగరానికి సోమవారం సెలవని మాత్రం గుర్తుంచుకోండి.

ఇది యిహెయువాన్ కంటే ఎన్నో వందల ఏళ్లు పాతది. కుబ్లయ్ ఖాన్ తన రాజధానిని ఈ సరస్సును ఆనుకునే కట్టించాడు. 1265లో ఆయనకోసం ఒకే పచ్చరాతి బండలో తొలిచిన మద్యపు తొట్టి దక్షిణ ద్వారం పక్కన గుండ్రటి కోటలో ఉంది. దీవి మీద టిబెట్ తీరు తెల్ల స్తూపం 1651లో కట్టినది, తరువాత భూకంపాలకు దెబ్బతిని మళ్లీ లేచింది. ఉత్తరపు ఒడ్డున 1756 నాటి తొమ్మిది డ్రాగన్ల గోడ ఉంది. మెరుగు పెంకుల్లో పోతపోసిన ఆ డ్రాగన్లను సాయంకాలపు ఏటవాలు వెలుగులో చూడాలి. దీవి నుంచి ఆ ఒడ్డుకు చిన్న పడవ నడుస్తుంది.

శాకాహారులకు ఇక్కడ ఇంకో లాభం. రాజుల వంటశాల నుంచి వచ్చినవని చెప్పే మిఠాయిలకు బెయ్‌హాయ్ పేరు పొందింది. బఠాణీపప్పు మెత్తగా ఉడికించి, చక్కెర కలిపి గట్టిపరచిన పసుపుపచ్చ ముక్కలు చల్లగా, నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంటాయి. వాటి పేరు వాన్‌దౌహువాంగ్. ఏ తోటకు వెళ్లినా "వో ఛ్‌ సూ", అంటే నేను శాకాహారిని, అన్న మాటను చైనా లిపిలో ఫోనులో రాసి పెట్టుకుని చూపించండి. మన ఉచ్చారణ వాళ్లకు అర్థం కాకపోవచ్చు, రాత అర్థమవుతుంది.

చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు: యువాన్‌మింగ్‌యువాన్

షీయువాన్ కంటే ఒక్క స్టేషను ముందే ఇది ఉంది. అందుకని రెండు సమ్మర్ ప్యాలెస్‌లనూ ఒకే రోజు చూడాలని చాలామంది అనుకుంటారు. నేను వద్దంటాను. ఇది 350 హెక్టార్లు, యిహెయువాన్ కంటే పెద్దది. నడిచే దూరం ఎక్కువ, నీడ తక్కువ.

1707లో కాంగ్‌షీ చక్రవర్తి కొడుక్కి ఇచ్చిన ఈ తోటను తరువాతి చక్రవర్తులు దాదాపు 150 ఏళ్లు పెంచుకుంటూ పోయారు. 1860 అక్టోబరులో బ్రిటిష్ ప్రతినిధి లార్డ్ ఎల్గిన్ ఆజ్ఞతో దీన్ని తగలబెట్టారు. సంధి మాటలకు వెళ్లినవాళ్లను చైనావాళ్లు చెరపట్టి, వాళ్లలో కొందరు చనిపోయేలా హింసించినందుకు ప్రతీకారమన్నాడు. అలా చనిపోయినవాళ్లలో భారతీయ రౌతులూ ఉన్నారు, బీజింగ్ మీదికి వెళ్లిన బ్రిటిష్ సేనలో భారతీయ పటాలాలూ ఉన్నాయి. ఈ ఎల్గినే 1862లో మన దేశానికి వైస్రాయిగా వచ్చి, మరుసటి ఏడాది ధర్మశాలలో చనిపోయాడు. అతని సమాధి అక్కడే ఉంది. ఈ శిథిలాల మధ్య నడుస్తున్నప్పుడు ఇది పరాయి దేశపు కథ అని నాకు అనిపించలేదు.

ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. ఫోటోల్లో కనిపించే విరిగిన రాతి స్తంభాలు ఐరోపా తీరువి. జెసూట్ క్రైస్తవ సంఘానికి చెందిన ఇటలీ చిత్రకారుడు కాస్తిలియోనె ఛియెన్‌లుంగ్ కోసం గీసి ఇచ్చిన భవనాలవి, తోటలో ఒక చిన్న మూలకే పరిమితం. మిగతా తోటంతా చైనా పద్ధతిలో చెక్కతో కట్టినది కావడం వల్ల కాలి బూడిదైంది, రాయి మాత్రమే మిగిలింది. ఆ ఫోటోలు చూసి తోట మొత్తం అలాగే ఉండేదనుకోవడం పొరపాటు. ఖాళీ పునాదులు, మధ్యలో ఫుహాయ్ సరస్సు, జూలై ఆగస్టుల్లో విరబూసిన తామరలు. చూడవలసింది ఆ ఖాళీనే. శిథిలాల మూలకు విడిగా టికెట్టు ఉంటుంది. అక్కడి జలయంత్రపు పన్నెండు కంచు జంతువుల తలల్లో దోపిడీకి పోయిన గుర్రం తల 2020లో తిరిగి ఈ తోటకే చేరింది.

చిన్న పిల్లలతో వెళితే దీన్ని చివర పెట్టండి. చరిత్ర చదివే కాలేజీ పిల్లలుంటే అన్నిటికంటే ముందు పెట్టండి.

రెండు రోజులుంటే: ఛెంగ్‌దె

1703లో మొదలై 1792 దాకా సాగిన ఈ వేసవి విడిది 564 హెక్టార్లు, నాలుగింటిలోకీ పెద్దది. బీజింగ్ నుంచి వేగపు రైలులో సుమారు గంట. అయినా ఒక్క రోజులో వెళ్లి రావడం తొందరపాటు, రాత్రి అక్కడే ఉండాలి. ప్రహరీ బయట టిబెట్‌లోని పొతాల రాజభవనం నమూనాలో కట్టిన ఆలయానికే సగం రోజు పడుతుంది. ఇక్కడి రాజమందిరాలకు యిహెయువాన్‌లోని రంగులు లేవు. మామూలు ఇటుక, రంగు వేయని కలప, చుట్టూ దేవదారు చెట్లు. నాకు ఆ నిరాడంబరత్వం చాలా నచ్చింది. 1793లో బ్రిటిష్ రాయబారి మెకార్ట్నీ ఛియెన్‌లుంగ్‌ను కలిసింది ఈ తోటలోనే. నేలకు నుదురు ఆనించే సాష్టాంగానికి ఒప్పుకోకుండా ఒక మోకాలు మాత్రం వంచాడు. అంతకు ముందు, 1781 నుంచి 1785 వరకు, ఆయన మద్రాసు గవర్నరు. అంటే మన సర్కారు జిల్లాలు కూడా ఆయన ఏలుబడిలోనే ఉండేవి.

ఎప్పుడు వెళ్లాలి

అక్టోబరు మొదటి వారం చైనా జాతీయ దినోత్సవపు సెలవులు. ఆ ఏడు రోజులూ ఏ తోటకూ వెళ్లకండి. ఆ తరువాత నెలాఖరు దాకా, నా అనుభవంలో, ఏడాదంతటిలో ఇంతకు మించిన కాలం లేదు. ఏప్రిల్‌లో పడమటి కట్ట మీద పీచ్ పూలుంటాయి, గాలిలో విల్లో దూది కూడా ఎగురుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి. జూలై ఆగస్టుల్లో తామరలు బాగుంటాయి కానీ ఉక్కపోత, వాన, బడి సెలవుల జనం.

చలికాలాన్ని మనవాళ్లు లెక్కలోకే తీసుకోరు. సరస్సు గడ్డకట్టి, పడవలు ఆగిపోయి, చలి ఎముకలు కొరుకుతుంది. అయినా డిసెంబరు 21 అటూ ఇటూగా మీరు బీజింగ్‌లో ఉంటే మాత్రం పదిహేడు కమానుల వంతెన దగ్గరికి వెళ్లి తీరాలి. పొద్దు వాలేటప్పుడు సూర్యుడి వెలుగు కమానుల లోపలి గోడలన్నిటి మీదా పడి, పదిహేడూ దీపాలు పెట్టినట్టు బంగారు రంగుకు తిరుగుతాయి. నాలుగున్నర ప్రాంతంలో కొద్ది నిమిషాల పాటు ఉంటుందంతే. ఫోటోలు తీసేవాళ్లు మధ్యాహ్నమే కెమెరా స్టాండ్లు వేసి చోటు పట్టుకుంటారు కాబట్టి రెండింటికల్లా చేరుకోండి, చేతి తొడుగులు, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి. తూర్పు ద్వారం దాకా వెనక్కి రానక్కర్లేదు. వంతెనకు దగ్గర్లోనే ఉన్న కొత్త ద్వారం నుంచి బయటపడి హోటలుకు టాక్సీ పట్టుకోవచ్చు.